ఆల్‌రౌండర్ షీల్డు

మాదాపూర్‌లో ఆఫీసు కింద టీ బండి దగ్గర ఇద్దరు మేనేజర్లు నిలబడ్డారు. ఆటల పోటీల బహుమతులు ఆ సాయంత్రమే. పెద్దాయనకు ఎందుకో టీ సయించడం లేదు.

"అన్నా, ఆల్‌రౌండర్ షీల్డు ఎవరికిద్దాం?" అన్నాడు చిన్నవాడు.

"మా టీం ఉదయశ్రీకే. ఇంకో పేరెందుకయ్యా?"

"ఫుట్‌బాల్ల ఆమెకు తిరుగులేదు, ఒప్పుకుంట. ఆల్‌రౌండరంటే అన్నీ రావాలె గద?"

"పరుగులో ఫస్టు, షటిల్‌లో ఫస్టు. కబడ్డీలో చెయ్యి బెణికినా కూత ఆపలేదు."

"క్యారమ్స్‌ల మొదటి ఆటకే ఓడింది."

"ఓడి, గెలిచిన పిల్లకి తనే టీ ఇప్పించింది. అలాంటి ఆటగత్తెని ఈ ఆఫీసులో నేను చూడలేదు."

"గంత మంచిదైతే, నిన్న ఏడాది పనికి రేటింగులేసినప్పుడు అందరికంటే కింద ఆమెనే ఎందుకేసినవ్?"

పెద్దాయన కప్పు బండి మీద పెట్టేశాడు.

"టీంలో ఒకర్ని కింద వెయ్యాల్సిందే అన్నారు పైవాళ్లు. అందరూ బాగానే చేశారు. ఆమైతే గొడవపడదనుకున్నాను."

"ఆమెకు ఎరుకేనా?"

"రేపు నేనే చెప్పాలి."

"ఇంకా మార్చొచ్చు గదన్నా?"

"మారిస్తే ఆ చోటికి ఇంకొకర్ని దింపాలి."

"మరి ఏం జేద్దాం?"

"ఆటలే నయమయ్యా. ఫస్టు ఎవరో చెబితే చాలు. లాస్టు ఎవరో తేల్చమని ఎవరూ కూర్చోబెట్టరు."