ఎడమచేతి కత్తెర

కత్తెరలు చేసే షెడ్డులో సానరాయి ఆపి, అతను ఆన్‌లైన్ అంగడి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

“నా కొట్టు ఎందుకు మూసేస్తున్నారమ్మా?”

“కొన్నవాళ్ళలో సగంమంది వెనక్కి పంపేస్తున్నారండి. గుడ్డ తెగడం లేదంటున్నారు.”

“కుడిచేత్తో పట్టుకుంటే ఎలా తెగుతుంది? అది ఎడమచేతివాటం వాళ్ళకి చేసిన కత్తెర.”

“ఆ మాట పేజీలో రాయలేదా?”

“రాశాను, అడుగున, ఎవరూ చూడని చోట. పైన మీరిచ్చిన గడులు రంగు, సైజు, బరువు. ఏ చేతిదో రాసే గడి పెట్టండని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. సలహాకు ధన్యవాదాలు అంటుంది మీ మెషీను.”

“మా అక్కది ఎడమచేతివాటమేనండి. టైలరు. కుడి కత్తెరతోనే కుస్తీ పడుతుంది.”

“నా కొట్టు మూసేస్తే ఆవిడకి కత్తెర ఎవడు చేస్తాడు తల్లీ?”

అవతల కీబోర్డు టకటక వినిపించింది.

“బాబాయ్ గారూ, రంగు గడిలో ‘ఎడమచేయి’ అని రాయండి. ఫోటో పక్కనే కనబడుతుంది. కొట్టు మూయకుండా ఒక నెల నేను ఆపిస్తాను.”

“నల్ల కత్తెరకి ఎడమచేయి రంగా? జనం నవ్వుతారమ్మా.”

“నవ్వారంటే చదివినట్టే కదండీ.”

“అదీ నిజమే. ఇలా చెప్పినందుకు నిన్నేమైనా అంటారేమో. ఇదంతా రికార్డవుతుందటగా?”

“అవుతుందండి.”

“అయితే భయం లేదులే. వినేవాళ్ళుంటే ఆ గడి ఎప్పుడో వచ్చేది.”