సంవత్సరం ముందు రాసే మనిషి

ఏంటమ్మా, ఇందాకట్నుంచి ఆ తెరవంక చూసి గోళ్లు కొరుకుతున్నావు? తేదీ కంప్యూటర్లో ఎలా దాచాలా అనా? ఇటు తిప్పు, చూద్దాం. నా కళ్లజోడేదీ... ఆ, నెత్తిమీదే ఉంది. ఇదేనా నువ్వు ఆసుపత్రి మందుల స్టోరుకి తయారుచేస్తున్నది? ఓహో, మందు గడువు తేదీకి ఇదన్నమాట గడి. రోజు ముందా, సంవత్సరం ముందా అని మీ ఆఫీసులో వాదనా? నవ్వుతావేం? ఈ గడి మీద మా ఆఫీసులో మనుషులు మాటలు మానేశారు తెలుసా. మా తలకిందులాయన ఉండుంటే ఈపాటికి నీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. లేడులే, పోయి చాలా ఏళ్లయింది. పేరా? పేరుతో పిలిస్తే పలికేవాడో లేదో కూడా తెలీదు, అంతగా అలవాటైపోయింది మా అందరికీ తలకిందులాయన అనడం. ఎందుకంటే తేదీ తలకిందులుగా రాసేవాడు మరి. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆఖర్న రోజు. సెలవు చీటీ మీదా అంతే, పాలవాడికిచ్చే కాయితం మీదా అంతే. వాళ్లావిడ ఓసారి ఆఫీసుకొచ్చి మా అందరి ముందే, "ఏవండీ, పుట్టింట్లో ఉండగా మీ ఉత్తరం వచ్చింది, పైన ఆ అంకెలు చూసి ఎవరిదో ఫోన్ నంబరు పంపారనుకుని మా తమ్ముడు చేసి చూశాడండీ" అంది. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఎవరెత్తారు?" అనడిగాడు. అదీ మనిషి.

మాది మందుల గోదాము కదా. తయారుచేసేవాళ్ల దగ్గర్నుంచి డబ్బాలొస్తాయి, మేం ఆసుపత్రులకీ దుకాణాలకీ పంపుతాం. ఏది ముందు గడువు తీరుతుందో దాన్ని ముందు పంపాలి, అంతే, అందులో పెద్ద విద్యేం లేదు. అప్పటిదాకా పెద్ద పెద్ద రిజిస్టర్లుండేవి. ఒకరోజు కంప్యూటర్ తెస్తున్నాం అన్నారు. ఇంతెత్తు పెట్టె, దానికో ఏసీ గది. మాకు లేదు ఏసీ, దానికుంది. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాలి. మా మేనేజరుగారైతే సరేసరి, ఆయన్ని టైగారు అనేవాళ్లం. ఎండాకాలంలో కూడా ఆ టై ఊడేది కాదు, మెడకి పుట్టుకతో వచ్చినట్టుండేది. కంప్యూటర్ వచ్చాక ఆ టై ఇంకో రెండంగుళాలు పొడుగైంది. ఆయన మీటింగు పెట్టి, "తేదీ మామూలుగా రోజు, నెల, సంవత్సరం ఎలా రాస్తామో అలాగే అక్షరాల్లా ఎక్కించేద్దాం" అన్నాడు. మా తలకిందులాయన లేచాడు. ఇక చూస్కో.

"అయ్యా, అలా దాస్తే ఆ యంత్రం వరస తప్పుతుంది. దానికి తేదీ అంటే ఏం తెలుసు? ఎడమపక్క మొదటి అంకె చూసి, చిన్నది పైన పెడుతుంది, పెద్దది కింద పెడుతుంది. వచ్చే ఏడాది డిసెంబరు ఒకటో తేదీది పైకొస్తుంది, ఈ ఏడాది మార్చి ముప్పయ్యోది అడుక్కి పోతుంది" అన్నాడు. టైగారు నవ్వాడు. "మనిషన్నవాడు ఎవడైనా సంవత్సరంతో మొదలెడతాడా?" "ఇల్లు వెతకాలంటే ముందు ఊరు, తర్వాత వీధి, ఆ తర్వాతే ఇంటి నంబరండీ." "కవరు మీద ముందు ఊరు రాస్తామా ఏంటయ్యా?" "రాసేది మనం పైనుంచండీ, చదివేది పోస్టుమాన్ కిందనుంచి." అబ్బ, ఏం చెప్పాడమ్మా! ఇప్పుడు చెప్తుంటే ఒళ్లు ఝల్లుమంటోంది. అప్పుడేం చేశామో తెలుసా? నవ్వాం. టైగారు నవ్వాడు కాబట్టి నవ్వాం. "మీరు చూపించేటప్పుడు ఎలాగైనా చూపించుకోండి బాబూ, దాచేటప్పుడు మాత్రం ఇలా దాచండి" అని బతిమాలాడు. రోజు ముందు ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు టైగారు. ఓట్లేసి తేల్చాల్సిన విషయమా ఇది? ఎత్తాం. నా చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఆయనేమో నావంకే చూస్తున్నాడు. పక్కపక్క బల్లలమ్మా మావి, పదకొండేళ్లు. నాకు లెక్క తేలనప్పుడల్లా కుర్చీ జరిపి చెప్పింది ఆయనే. ఆయన చూస్తుంటే నేను కిటికీలోంచి బయటున్న లారీ నంబరు చదువుకుంటున్నాను.

సరే, పని మొదలైంది. రోజూ పొద్దున్నే ఆ పెట్టె గరగరమని లిస్టు అచ్చేసేది, గోదాము మేస్త్రీ దాన్ని పట్టుకెళ్లి పైనుంచి వరసగా డబ్బాలు దించేవాడు. పెద్ద రోజు అంకెలున్నవన్నీ అడుగునే ఉండిపోయాయి, వాటి మొహం చూసినవాడు లేడు. ఏడాదిన్నర ఏం కాలేదు. టైగారికి పైవాళ్లు ఓ గడియారం కూడా బహుమతిచ్చారు. తర్వాత ఓసారి పైనున్న సరుకు అయిపోయి, లిస్టు అడుగుదాకా వచ్చింది. మేస్త్రీ అడుగున ఉన్నవి దించాడు, పంపాడు. పిల్లల దగ్గు మందు. గడువు తీరి ఎనిమిది నెలలు. "చూడలేదా నువ్వు?" అంటే, "కంప్యూటర్ వచ్చింది, ఇక డబ్బా మీద చూడక్కర్లేదని మీరేగా అన్నారు" అన్నాడు. నిజమే, అన్నాం. అందరికంటే ముందు చూసింది పిల్లల ఆసుపత్రి నర్సు. సీసా పట్టుకుని తిన్నగా టైగారి గదిలోకొచ్చి బల్లమీద టప్పున పెట్టింది. "మీకు పిల్లలున్నారా?" ఒక్కటే మాట. ఆయన ఆ సీసావంక చూడకుండా టై సర్దుకున్నాడు. నాకు మాత్రం, తలుపు బయట నిలబడ్డవాణ్ణి, ఇంట్లో జ్వరంతో పడుకున్న నా చిన్నదే కళ్లముందు కనిపించింది. ఎవరికీ ఏం కాలేదులే, ఆవిడ మూత తియ్యకముందే చూసింది. ఆవిడ తేదీ చదివింది కాబట్టి. మనిషి చదివింది.

ఇక తప్పెవరిదో తేల్చాలి కదా, ఆఫీసన్నాక. టైగారిది కాదు, ఆయనకి గడియారం ఇచ్చారు మరి. మూడోరోజు ఫైల్లోంచి ఓ కాయితం బయటికొచ్చింది. "ఈ పద్ధతిని పరీక్షించి ఒప్పుకున్నాను" అని, కింద తలకిందులాయన పొట్టి సంతకం. ఆయన్ని పిలిచారు. మేమంతా గోడకి ఆనుకుని నిలబడ్డాం. కాయితం చేతికిచ్చారు. సంతకం దగ్గర అంతసేపు ఆగలేదమ్మా ఆయన చూపు, దాని కిందకెళ్లింది. సంతకం కింద తేదీ ఉంది, పద్నాలుగు, ఆరు, ఎనభై ఎనిమిది. రోజు ముందు! పాలవాడి కాయితం మీద కూడా అలా రాయని మనిషి. ఆ గదిలో ప్రతివాడికీ తెలుసు. పదకొండేళ్లు అదే చెప్పుకుని నవ్వినవాళ్లం, ఆరోజు ఒక్కడికీ నవ్వు రాలేదు. నోరూ లేవలేదు. ఆయన తలెత్తి ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు. ఇది నాది కాదు అంటే చాలు, అనలేదు. పెన్ను అడిగాడు, ఓ తెల్లకాయితం అడిగాడు, మానేస్తున్నానని ఒక్క ముక్క రాశాడు. పైన తేదీ, సంవత్సరంతో మొదలుపెట్టి. పెన్ను మూతపెట్టి మరీ తిరిగిచ్చాడు. మళ్లీ మా వీధి వైపు రాలేదు. పోయాడని కూడా నెల తర్వాత తెలిసింది నాకు.

ఆ కాయితమా? ఎవరు రాశారంటే... టైగారన్నాడమ్మా. "కంప్యూటర్ కంపెనీవాళ్లు కూర్చునున్నారు, ఆ మొండివాడు సంతకం పెట్టనంటున్నాడు, ఉత్తుత్తి కాయితమేనయ్యా ఇది, నీకు సెక్షన్ హెడ్డు కుర్చీ రావాలా వద్దా" అన్నాడు. పక్కబల్ల కదా, ఆ పొట్టి సంతకం రోజూ చూసేదే. అయినా కుదరడానికి మూడు కాయితాలు పాడుచేశాను. నాలుగోది అచ్చం ఆయనదే. ఆ సంబరంలో కింద తేదీ వేసేశాను, చెయ్యి తన అలవాటున తను వేసేసింది. ఆయన తేదీల్ని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనేనమ్మా. ఆ ఒక్కటీ గుర్తు రాలేదు చూడు.

ఊఁ. ఆ ఫ్యాను కాస్త తగ్గించు.