ఇల్లు చేరిన గుంట

చింతపల్లి సంతలో కదిలే బొమ్మల సినిమా డేరాలోంచి బయటికి రాగానే సోములమ్మ మనవరాలి చెయ్యి వదిలేసింది.

"తప్పిపోయిన గుంటను ఇల్లు సేర్సిన పెద్దాయన్ని తుపాకీతో కాల్సేసినారేటే? నా కతలో అలా నేదే."

"పులినా, మామ్మా?"

"పేరెత్తకు. నా కత ఆళ్ళకెవులు సెప్పినారు?"

"ఈ బొమ్మ తీసినాయనకి నిరుడు నానే సెప్పినాను. బొమ్మ ఊరికే సూపిత్తానన్నాడు." కనక తల దించుకుంది. "రెండోది కూడా తీత్తాడట."

"సంపేసినాక రెండోదేటి?"

"పెద్దాయన కొడుకొచ్చి, పగబట్టి, ఆ గుంటను అడివిలో తినేత్తాడు."

"అదెవులు సెప్పినారు?"

"తరవాతేటని నిన్న అడిగినాడు. గుంట ఇల్లు సేరగానే నువ్వు కత ఆపేత్తావు కదా. నానే కల్పించినాను."

సోములమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఇల్లు సేరిన గుంటను మళ్ళీ అడివిలోకి తోసేసినావేటే, కనకా?"