ములకలపల్లి అడవిల బొంగు చికెన్

పాల్వంచల నలుగురు కలిసి నెలకో ఆదివారం ఒక కొత్త హోటల్ చూసొస్తరు. మోటర్లు బాగుచేసే ఆజం, అతని భార్య ఇమాంబీ, అంగన్‌వాడీ టీచర్ శ్యామల, కరెంటు ప్లాంటుల పనిచేసే సమ్మయ్య. వాళ్ల కట్టుబాటు ఒక్కటే: హోటల్ సంగతి చెప్పేటోళ్లు ముందుగాల అక్కడ తిని ఉండాలె. ఆజం చెప్పిన రెండు హోటళ్లు ఇప్పటికే తుస్సుమన్నయి. ఒకదాంట్ల బిర్యానీ పాసిపోయింది, ఇంకోదానికి తాళం. మూడోది గూడ తప్పితే ఏడాదిదాంక ఆయన హోటల్ చెప్పే వంతు పోతది. అందుకే ఈ ఆదివారం టేకులపల్లిల తిని, తిరిగొస్తూ చాయ్ కాడ ఆగంగనే గొంతు సవరించుకున్నడు.

"ములకలపల్లి దాటినంక అడవిల ఒక పాక హోటల్ ఉంది. బోర్డు గిట్ల ఏం లేదు. ఈ ఏడే అక్కడ బొంగు చికెన్ తిన్న. బాగనే ఉంది, నేనేం గొప్పలు చెప్త లేను."

"బొంగు ఎంతుందన్నా?" శ్యామల అడిగింది.

మూరెడు అని చెప్పబోయిండు. ఆమె కండ్లు పెద్దగ చేసి చూస్తుంటె మూరెడు చాలదనిపించింది.

"ఎంతుందా? నలుగురు మోసుకొచ్చిన్రు! పన్నెండు కోళ్లు పట్టినయి, అన్నిటినీ నేనే బిస్మిల్లా చెప్పి కోసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొంగు ఈ కొస మంట మీద ఉంటే ఆ కొస రోడ్డు దాటి అవతల పడ్డది. బస్సొచ్చి ఆగింది. డ్రైవర్ దిగిండు, కండక్టర్ దిగిండు, ప్యాసింజర్లంత దిగి బొంగు పొడుగునా బంతి కూసున్నరు."

"మరి బస్సు టైమో?" అన్నడు సమ్మయ్య.

"టైం ఎవనికి గావాలె భయ్యా? వాసన పాల్వంచ దాంక కొట్టింది. మీ ప్లాంటోళ్లు గేటు కాడికొచ్చి ముక్కులు ఎగబీల్చిన్రంట."

"నాకు జలుబుండెనేమో, రాలే," అన్నడు సమ్మయ్య చల్లగ.

శ్యామల నవ్వుకుంట వంతుల నోట్‌బుక్ తీసింది. ఆజం పేరు కాడ టిక్కు కొట్టనీకి పెన్ను పెట్టింది. అక్కడ ఆగితే అయిపోయేది. ఆగితే ఆజం ఎట్లయితడు?

"ఆగు చెల్లే, అసలు సంగతి చెప్పనే లేదు. బంతిల చివరాఖరుకు ఎవరు కూసున్నరో తెలుసా? ఎలుగుబంటి! ఇస్తరాకు ముందల పెట్టుకొని, బుద్ధిగ."

"ఎలుగుబంటా? రోడ్డు కాడికెందుకొస్తది?"

ఆజం తడుముకోలే. "ఇప్పపువ్వు రాలే రోజులాయె. పువ్వు తిననీకి వచ్చి, కోడి వాసనకు పువ్వు ఇడిసిపెట్టింది."

ఆ మాట ఆయనకే శాన నచ్చింది. సమ్మయ్య గూడ తలూపిండు. ఆయనది ములకలపల్లి పక్క ఊరే, చిన్నప్పటిసంది ఇప్పపువ్వు ఏరినోడు.

"అవ్, పువ్వుకు ఎలుగు వస్తది. ఏ పూట తిన్నవు భాయ్?"

"మిట్టమధ్యాహ్నం!"

"ఈ ఏడు పువ్వు అంత ఒక్కసారే రాలింది గదా," అన్నడు సమ్మయ్య మెల్లగ. "పొద్దుగాల పువ్వు ఏరి, సాయంత్రం మీ ఇంటికి ఇఫ్తార్‌కు వచ్చిన. పువ్వు రాలినన్ని రోజులు రంజాన్ నెలే."

ఇమాంబీ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నెలంత తెల్లారకముందే లేచి సహరీ వండి పెట్టిన. ఒక్క రోజా తప్పలేదు, పొద్దంత ఉపాసమే అంటిరి. ఇప్పుడు చెప్పుండ్రి, రోజా ఉన్నరా, కోడి తిన్నరా?"

ఆజం చాయ్ గ్లాసు అటు ఇటు తిప్పిండు. కోడి తినలేదంటే వంతు పాయె. తిన్ననంటే రోజా పాయె. వంతుదేముంది, ఏడాదికైనా తిరిగొస్తది. ఉన్న రోజాను లేదని ఎట్ల చెప్తడు?

"రోజా ఉన్న," అన్నడు. "తిన్లే. చూసిన."

ఇమాంబీ చూపు తిప్పలే.

"చూడలే. విన్న."

శ్యామల ఆజం పేరు కొట్టేసి సమ్మయ్య పేరు రాసింది. ఆజం తల దించుకొని చల్లారిన చాయ్ తాగిండు.

"రంది పడకు భాయ్," అన్నడు సమ్మయ్య. "ఆ పాక హోటల్ మా ఊరి పక్కనే ఉంది, నేను తిన్న. వచ్చే నెల అక్కడికే పోదాం. బొంగు మూరెడే ఉంటది. ఎలుగుబంటి వస్తే నీ పక్కకే కూసోబెడ్త."