సియోల్‌కు ఏ అక్షరం

కోదాడలో ఓ ప్రైవేటు కాలేజీకి వెళ్లి వచ్చిన అరుణ, చివ్వెంలలోని ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే భర్త ఉపేందర్ ఎదురొచ్చాడు. వాకిట్లో అత్త మైసమ్మ గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తోంది.

“అయితే నా ఉద్యోగం మీద అబ్జెక్షన్ పెట్టనీకే పోయినవన్నట్టు.”

“నీ ఉద్యోగం మీద గాదు. సియోల్ మీద.”

“సియోల్ నీకేం జేసింది?”

“నాకు ఒక్క మార్కు తక్కువ జేసింది. గా ఒక్క మార్కుతోనే జాగ్రఫీ లెక్చరర్ పోస్టు నీకొచ్చింది. మిర్యాలగూడల ఇద్దరం ఒక్కనాడే రాసినం పరీక్ష.”

“సియోల్ వాతావరణం ఏ రకమంటె ఆన్సర్ కీల సి అని ఉన్నది. నేను సి పెట్టిన, నువ్వు డి పెట్టినవ్. అయిపోయింది గద.”

“సి ఎందుకు పెట్టినవో చెప్పు.”

“తెలిసే పెట్టిన.”

“ఏం తెలిసి?”

“జర మంచినీళ్లు తాగు ముందుగాల.”

“మాట మార్చకు.”

“ఏందే అరుణా, ఎవరా సియోలు? మన దిక్కు మనిషేనా?”

“మనిషి గాదత్తమ్మా, ఊరు. కొరియాల ఉన్నది. నీ కొడుకు ఫోన్ల సీరియల్ సూసుకుంట ఏడుస్తడు గద, గా ఊరే.”

“నేనేడ్వలే. జలుబు చేసింది.”

“లోకంల ఊర్లన్నిటికి ఎండను, చలిని, వానను బట్టి అక్షరాలు పెట్టిండ్రు అత్తమ్మా. ఏ అంటే ఏడాదంత ఉడకపోసే ఊర్లు. బి అంటే ఎండిపోయిన ఊర్లు. సి అంటే చలి ఉంటది గని పానం తీసేటంత గాదు. డి అంటే గడ్డకట్టే చలి. ఇ అంటే ఇగ ఏడాదంత మంచుగడ్డలే.”

“మనది ఏ అక్షరం?”

“ఏ. కొందరు బి అంటరు.”

“మన ఎండ సంగతి గూడ తేలలేదా?”

“మనది ఇడిసిపెట్టమ్మా. ముందు ఈమె పంచాయితీ తేలనియ్.”

“తేలుస్తున్న ఉండు. అత్తమ్మా, సియోల్ల జనవరి నెలంత సగటు తీస్తె మైనస్ రెండు కాడ ఉంటది. ఈ అక్షరాలు పెట్టిన జర్మనీ సారు, మైనస్ మూడు కంటె కిందికి పోతెనే డి అన్నడు. తర్వాతోళ్లు కొందరు, సున్న కిందికి పోతె సాలు డి అన్నరు. ఆ సారు లెక్కల సియోల్ సి, వీళ్ల లెక్కల డి.”

“ఆ ఊరోళ్లకు చలి పెడ్తదా, పెట్టదా?”

“పెడ్తది. నది గడ్డకట్టిన ఏండ్లు గూడ ఉన్నయి.”

“నదే గడ్డకడితె ఇంక ఎనక ముందు సూసుడేంది? ఆ సార్లను స్వెట్టర్ లేకుంట గాడ నిలబెడితె అక్షరం అదే తేలుతది.”

“నువ్వు గూడ ఆమె దిక్కేనా అమ్మా? ఇంతకు ప్రిన్సిపాల్ ఏమన్నడు?”

“ఆయన మర్యాదస్తుడు. ‘చూడమ్మా, మీ వారికొచ్చిన ఉద్యోగాన్ని మీరే ఊడగొడతారా’ అని అడిగిండు.”

“మంచిగ అడిగిండు. నువ్వేమన్నవ్?”

“‘ఊడగొడ్త లేను సార్, వాతావరణం చెప్తున్న’ అన్న.”

“ఊర్ల ఎంతమందికి చాయ్ తాపిచ్చిన తెల్సా? తుంగతుర్తి నుంచి మామ ఫోన్ జేసి మెచ్చుకున్నడు. ఇప్పుడేం చెప్పాలె? కొరియాల చలి ఎక్కువైంది మామా, నా నౌకరి పోయిందనా?”

“సి ఎందుకు పెట్టినవో అది చెప్పు.”

“ఎందుకంటె... సీరియల్ల ఆ పిల్ల పల్చటి గౌను ఏసుకొని మంచుల నిలబడ్తది. గంత చలి ఉండదనుకున్న.”

“గందుకు నీకు మార్కు. పుస్తకం సదివినందుకు నాకు సున్న.”

“సరే తల్లీ. ఆఖరికి ఏం తేల్చిండ్రు?”

“రెండు కరెక్టే అన్నరు. నాకు మార్కు కలిపిండ్రు. ఇద్దరం సమానం.”

“సమానమైతె?”

“సమానమైతె ఇంక... ఏముంటది.”

“చెప్పు. సమానమైతె ఎవరికిస్తరు?”

“వయసుల పెద్దోళ్లకు.”

“మెల్లగ. మెల్లగ మాట్లాడు.”

“మెల్లగనే అన్న.”

“అమ్మ ఇంటది. పెండ్లప్పుడు నువ్వు నాకంటె రెండేండ్లు చిన్న అని చెప్పిన.”

“చెప్పింది నువ్వు. పుట్టింది నేను. నీకంటె ఎనిమిది నెల్లు ముందు పుట్టిన, నన్నేం జెయ్యమంటవ్?”

“ఒక పని జేస్త. నాకా పోస్టే వద్దని రేపు పోయి చెప్పొస్త. కోదాడ నీళ్లు నాకు పడ్తలేవని చెప్త. నీకే ఇస్తరు. వయసు ముచ్చట బైటికి రాదు.”

“గట్లొద్దు. గెలిచింది తీసుకుంట గని, నువ్వు పడేసింది ఏరుకోను.”

“జర అర్థం జేసుకో అరుణా. పెండ్లాం పెద్దదని తెలిస్తె అమ్మ ఏమంటది, ఊర్లె నన్ను...”

“ఉపేందరూ.”

“ఆఁ అమ్మా. ఏం లే, గీ సియోల్ ముచ్చటే.”

“గీ పాలసీసా పట్టుకో. నా పక్కన నిలబడి గుసగుస పెడ్తె చెవులు మూసుకోవాల్నా? ఎనిమిది నెల్లకే గింత పరేషానా?”

“నీకు... నీకు తెల్సా?”

“పెండ్లినాడే తెల్సు. అరుణ వాళ్లమ్మ చెప్పింది. నౌకరి దానికే రానియ్.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవమ్మా?”

“మీ నాయిన కంటె నేను మూడేండ్లు పెద్ద. గా మనిషికి ఇప్పటిదాంక తెల్వది. గొర్లు తోలుకొని వచ్చే యాళ్లయింది, ఇద్దరు నోళ్లు మూసుకోండ్రి.”