నట్టింటికి చీనా పేరు

1946, జూన్ సాయంత్రం. మాచర్లలో మిషను బడి పంతులు పున్నయ్య ఇంటి వసారా. వెల్దుర్తిలో తలుపుల పని ముగించుకుని, మూడు నెలల తర్వాత ఊళ్లో దిగిన వడ్రంగి మీరా సాహెబ్, రంపం సంచీతో అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"రాత్రంతా కాళ్లు బయటేరా మీరా. మోకాళ్ల దాకా ఇంట్లో ఉంటా, అక్కణ్ణించి బజార్లో ఉంటా. తెల్లారేసరికి పాలామె నా పాదాలకే చెప్తది, కాస్త తప్పుకోండయ్యా అని."

"నువ్వు పొడుగైనావా, మంచం పొడుగైందా?"

"వసారా పొట్టిదిరా. నాలుగు మూరల మంచం, మూడున్నర మూరల వసారా. ఒక జానెడు కోసిపెట్టు."

"మంచం కోస్తా సరే. నిన్నేం చెయ్యాల?"

"నేను మోకాళ్లు ముడుచుకుంటా. మంచం ముడుచుకోదుగా."

"అటు తిప్పి వెయ్యొచ్చుగా."

"అటు తిప్పితే తలుపు అసలే తెరుచుకోదు. ఇట్టా వేస్తే సగమన్నా తెరుచుకుంటది. గురువారం ఆడోళ్లు ప్రార్థనకొస్తారు."

"సరే గానీ పున్నయ్యా, నువ్వు యుద్ధంలోంచి తిరిగొచ్చావని వెల్దుర్తిలో విని చానా సంబరపడ్డా. బతికొచ్చినోడివి వసారాలో పడుకోవటం ఏంది? నట్టింట్లో మా నాయన చేసిన పందిరి మంచం ఉండాలే."

"ఉంది."

"ఎవరు పడుకుంటున్నారు దాని మీద?"

"ఎవరూ పడుకోరు."

"మరి?"

"తెల్ల దుప్పటి పరిచుంది. దాని మీద నా బైబిలు, నా చేతికర్ర, నా కళ్లజోడు. పైన గోడకి నా ఫోటో."

"నీ కళ్లజోడు అక్కడెందుకు? నీ మొహాన ఉండాల్సింది."

"అది చనిపోయినాయన కళ్లజోడంట. ముట్టుకోనియ్యరు."

"మరి ఎట్టా చదువుతున్నావు?"

"చదవట్లా."

"ఆ ఫోటోకి కట్టు కట్టింది నేనేరా. టేకు. నాలుగు మరచీలలేసి బిగించా. ఏడుస్తానే బిగించా."

"బాగా బిగించావు. కదలట్లా."

"నాకేం తెలుసు? బర్మాలో కనపడటం లేదని తంతి వచ్చె. సంఘప్పెద్ద, మీ బావ జ్ఞానయ్యగారు మూడు నెలలు చూసె. మీ చర్చి గుళ్లో నాపరాయి మీద నీ పేరు చెక్కించి, గుంటూరు నించి మిషను దొరని పిలిపించి ముసుగు తీయించె. నేను గూడా వెనక వరసలో నిలబడితిని."

"అక్కడ అడవిలో జరంతో పడున్నా. లేచి ఉత్తరం రాసేసరికి రాయి పెట్టి పదిహేను రోజులైందంట. ఆ రాయి చదివావా?"

"నాకు చదువెక్కడిది?"

"సౌమ్యుడు. మితభాషి. సమయపాలకుడు. తేనెవంటి గాత్రము కలవాడు."

"నీది తేనె గొంతా?"

"దొరొస్తున్నాడని కాస్త పెంచారు. ఇప్పుడు ఆదివారం నేను పాట ఎత్తుకుంటే జనం రాయి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూస్తారు."

"మరి తీసెయ్యమని మీ బావని అడగలా?"

"అడిగా. తీయాలంటే మీటింగు పెట్టాలన్నాడు. మీటింగు పెడితే దొరగారికి రాయాలన్నాడు. రాస్తే మన సంఘం పరువేం కావాలన్నాడు. ఆఖరికి భుజం తట్టి, 'ఎట్టాగూ ఎప్పటికైనా పోయేవాడివే గదా బావా, తేదీ ఒక్కటే తేడా, తర్వాత చూసుకుందాం' అన్నాడు."

"నీ నోరేమైంది?"

"మితభాషిని గదరా. రాయి మీదుంది."

"నవ్వకు. నాకు నవ్వు రావట్లా."

"నాకూ రావట్లేదు. చూడు మీరా, దీనికి చీనావాళ్లకాడ ఒక మాటుంది."

"చీనావాళ్లకి నీ మంచం సంగతేం తెలుసు?"

"బర్మాకి పంపకముందు రాంగఢ్ మిలిటరీ ఆసుపత్రిలో నేను రోగుల్ని చూసుకునే ఆర్డర్లీగా ఉన్నప్పుడు లియూ అని ఒక చీనా సిపాయి ఉండేవాడు. కుడికాలు తీసేశారు. వాడికి నాలుగు ఇంగిలీషు ముక్కలొచ్చు, నాకు నాలుగొచ్చు. ఆ ఎనిమిది ముక్కలతోనే మూడువేల ఏళ్ల కథ చెప్పాడు. ఊరికే కలవరించేవాడు, జోంగ్‌యువాన్, జోంగ్‌యువాన్ అని."

"పెళ్లాం పేరా?"

"నేనూ అట్నే అనుకుని ఓదార్చా. కాదంట. నడిమి మైదానం అని అర్థం. పసుప్పచ్చ నీళ్ల ఏరొకటుందంట వాళ్లకి. దాని ఒడ్డున నేల. మొదట నాగలి కట్టింది అక్కడంట, మొదటి రాజు కూర్చుంది అక్కడంట, మొదట అక్షరం గీసింది అక్కడంట. అక్కడ కూర్చున్నోడిదే దేశం. బయట ఎన్ని లంకలేలినా వాడు అంచులోడే."

"నడుమ అయితే ఏంది? అదీ మట్టేగా."

"మట్టే. వరదలొచ్చే మట్టి. లియూ వాళ్ల నాయన ఆ మట్టిలోనే కరువుకి మాడి పోయాడు. అయినా వాడు అక్కడికే పోవాలనేవాడు. అదిరా ఆ మాటలో ఉన్న రోగం. అది నేల పేరు కాదు, మన చోటు పేరు. ఒకప్పుడు ఉత్తరం నించి గుర్రాలోళ్లొచ్చి లాక్కున్నారంట. రాజు దక్షిణానికి పారిపోయి అంతకంటే గొప్ప ఊరు కట్టుకున్నాడు. చెరువులు, మేడలు, సన్నబియ్యం. అయినా దాన్ని రాజధాని అన్లేదు."

"మరేమన్నాడు?"

"బస అన్నాడు. దారిలో దిగాం, పొద్దున్నే వెళ్లిపోతాం అన్నట్టు. నూటయాభై ఏళ్లు ఆ బసలోనే ఉన్నారు."

"తర్వాత పోయారా?"

"పోలా. బసలోనే అయిపోయారు."

"అయ్యో."

"ఇంకా కిందకి, దక్షిణపు కొసకి పోయినోళ్లున్నారు. నడిమి మైదానం వదిలిపెట్టి వెయ్యేళ్లయిందంట. ఇవాళ్టిగ్గూడా వాళ్లని చుట్టాలోళ్లు అనే పిలుస్తారంట ఆ ఊళ్లల్లో."

"వెయ్యేళ్ల చుట్టాలా! మా ఫరీద్ బావ నాలుగు నెలలుంటేనే నేను వెల్దుర్తి పారిపోయా."

"నేనొచ్చి నెలా పదిరోజులు. నిన్న మా పక్కింటి ఎస్తేరమ్మ అడిగింది, 'ఎన్నాళ్లుంటారు బాబయ్యా' అని. అప్పుడర్థమైందిరా నాకు లియూ ఏడుపు."

"ఆ మాట కొస్తే మన మాచర్లోళ్లకి తెలియందా? కోడిపందెంలో ఊరు పోగొట్టుకుని ఏడేళ్లు అడవుల్లో ఉన్నోళ్ల కథ ప్రతి ఏడూ పాడతారుగా. గడువు తీరంగానే వచ్చి మా ఊరు మాకియ్యమని అడిగారు మనోళ్లు. మగతనం అంటే అది."

"అడిగితే ఏమైంది?"

"కారంపూడి కాడ కొట్టుకుని అందరూ చచ్చారు."

"ఊఁ."

"అది మంచి ఉపమానం కాదులే. లే, లోపలికి పద. ఆ ఫోటో బిగించింది నేనే, విప్పేదీ నేనే. నాలుగు మరచీలలు, చుట్ట కాల్చినంత సేపు పట్టదు."

"మెల్లగారా! వింటది."

"పెళ్లానికి భయపడతావా?"

"పెళ్లామైతే భయమెందుకు? విధవరాలురా. నా విధవరాలు. ఆమెకి సంఘంలో చానా మర్యాదుంది."

"నువ్వు బతికుండంగా?"

"నేనొచ్చిన ఆదివారం స్తుతి ప్రార్థన చేశారు. అయినాక మళ్లీ అందరూ వచ్చి ఫోటో కిందే కూర్చున్నారు. అలవాటైపోయింది. ఆమె రోజూ పొద్దున్నే ఆ ఫోటోకి సంగతులన్నీ చెప్తది. దాన్ని మీరు అంటది."

"నిన్నో?"

"నువ్వంటది."

"ఇంక నావల్ల కాదు. చెల్లెమ్మా! కరుణమ్మా! ఒకసారి ఇట్టా రా."

"ఏందన్నా? ఎప్పుడొచ్చావు వెల్దుర్తి నించి? బీబీ వదిన బాగుందా? కాఫీ పెట్టనా? బెల్లమే ఉంది, పంచదార కార్డు మీద ఇంకా ఇయ్యలా."

"కాఫీ తర్వాత. ఆ ఫోటో దించుదామనుకుంటున్నా."

"ఆయనన్నాడా?"

"నేనన్లేదు."

"అన్నాడు."

"అన్నాలే. అయితే ఏందే? నా ఇంటి నట్టింట్లో నేను పడుకోగూడదా?"

"పడుకో. ఎవరొద్దన్నారు? దించుకోండి. దించేముందు ఒక్క మాట చెప్పయ్యా. నువ్వు యుద్ధానికి పోకముందు పద్నాలుగేళ్లు కాపురం చేశాంగా. నట్టింట్లో నేనెక్కడ కూర్చునేదాన్ని?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు. మీరా అన్న గూడా వింటాడు."

"కిటికీ కాడ."

"కిటికీ కాడ నీ పడక్కుర్చీ."

"బీరువా పక్కన."

"బీరువా పక్కన మీ నాయన. ఆయన పోయినాక ఆయన కుర్చీ."

"మరి చాప మీద గదా?"

"చాప మీద నీ పంతుళ్లు. నేను వంటింటి గడప మీద. ఒక కాలు పొయ్యి వైపు, ఒక కాలు మీ వైపు. ఎవరన్నా మంచినీళ్లంటే లేవాలిగా."

"అది... అందరిళ్లల్లో అంతేగదే."

"అంతే. నేనేం తప్పన్లేదు. ఆ తంతి వచ్చిన రోజున నలుగురు నా రెక్కలు పట్టుకుని తెచ్చి నట్టింట్లో, సరిగ్గా నడుమ కూర్చోబెట్టారు. ఊరంతా నా చుట్టూ కూర్చుంది. నేను మంచినీళ్లడిగితే ఇంకెవరో లేచారు. ఏడ్చి ఏడ్చి తల పైకెత్తితే... అన్నా, దూలానికి చిలకలు చెక్కున్నయి."

"మా నాయన చెక్కినయ్యే. రెండు చిలకలు, నడుమ జాంపండు."

"పద్నాలుగేళ్లు ఈ ఇంట్లో ఉండి వాటిని చూడలేదన్నా నేను. గడప మీంచి కనపడవు."

"చెప్తే నేను చూపించకపోదునా?"

"ఉన్నయ్యని తెలిస్తే గదా అడిగేది? ఇప్పుడు గురువారం ఇరవైమంది వస్తారు. నేను వాక్యం చదువుతా, అందరూ వింటారు. మధ్యలో ఎవరూ ఉచ్చారణ దిద్దరు. నీ కళ్లజోడు ముట్టుకోనియ్యట్లేదని అన్నకి చెప్తుంటే విన్నాలే. నేను పెట్టుకుంటున్నా అది. నాకు చత్వారం వచ్చి ఆరేళ్లయింది. నీకెప్పుడన్నా తెలుసా?"

"నువ్వు బియ్యంలో రాళ్లు సరిగ్గా ఏరట్లేదనుకున్నా."

"అనుకోవటం కాదు, అన్నావు. అన్నా, స్టూలు తెచ్చియ్యనా? ఫోటో దించితే ఎవరూ ఏమనరు. జ్ఞానయ్య అన్నకి నేను చెప్పుకుంటా. ఈయనొచ్చి తన మంచం మీద పడుకుంటాడు. నేను నా గడప మీదకి పోతా. దారి తెలుసు."

"స్టూలొద్దు చెల్లెమ్మా."

"నిన్ను గాదు, ఆయన్నడుగుతున్నా. స్టూలు తేనా అయ్యా?"





"కాఫీ తే."

"తెస్తా. ఇద్దరూ వసారాలోనే తాగుతారా?"

"ఆఁ. ఇక్కడే."

"ఏందిరా పున్నయ్యా, అట్టా చూస్తావు?"

"రాయి సంగతి ఉత్తరంలో ముందే తెలిసింది గదా, నేను వచ్చేటప్పుడు రైల్లో అనుకుంటా ఉన్నానురా, గుర్రాలోళ్లెవరో నా చోటు లాక్కున్నారని. నడికుడి దాటినాక గూడా అదే అనుకున్నా."

"ఊఁ."

"ఆ గుర్రాలోణ్ణి నేనే ఏమో."

"ఒకే ఇంట్లో ఇద్దరూ నడుమ కూర్చోకూడదా? చానా పెద్ద గదేగా."

"లియూని అదే అడిగా. గుర్రాలోళ్లూ రాజూ కలిసి కూర్చోవచ్చుగా అని."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. వాడు నవ్వటం అదొక్కసారే చూశా."

"తర్వాత వాడేమయ్యాడు?"

"బండెక్కించి పంపించారు. ఎటు పంపారో చెప్పలా. నడిమికి మాత్రం కాదు. మీరా."

"ఏంది?"

"జానెడు చాలదు. ఇంకో నాలుగు వేళ్లు కొయ్యి. గురువారానికి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి."

"కాళ్లు పట్టవురా."

"పడతయ్. అలవాటవుద్ది."

*

అదే సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మీరా సాహెబ్ ఇల్లు.

"బీబీ."

"ఆఁ."

"మనింట్లో నువ్వెక్కడ కూర్చుంటావే?"

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

"కూర్చుంటే గదా చెప్పేది. కాస్త జరుగు, చిమ్మాల."

మీరా సాహెబ్‌ది ఒకటే గది. కొలబద్ద తీసి నాలుగు వైపులా రెండుసార్లు కొలిచాడు. రెండుసార్లూ నడుమ సరిగ్గా తన పీటే వచ్చింది, ఆ పీట మీద రోజూ కూర్చునేది తనే. అప్పటి నించీ కూర్చోకుండా నిలబడే ఉన్నాడు, ఎటు పోవాలో తెలియక. చదివే అయ్యలారా, అమ్మలారా, మీ ఇళ్లల్లో ఈ సంగతి ఎట్టా తేల్చుకున్నారో ఎవరైనా సరే ఒక కార్డు ముక్క రాసి పుణ్యం కట్టుకోండి. కాస్త తొందరగా రాయండి. ఆ ఇంటికి వసారా గూడా లేదు.