పంక్తి లేవని బల్ల

మంచుకొండల దేశంలో ఓ కొండకొమ్మున, ఒంటి దేవదారు చెట్టు పక్కన ఒక చెక్కబల్ల ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు. మన వైపు పాడుబడ్డ నూతి ఛాయలకి పిల్లల్ని పోనివ్వరు చూడండీ, అలాగే ఆ ఊరివాళ్ళు కూడా ఆ బల్లకేసి చూడకుండా తల వంచుకుని దాటిపోతారు.

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతులు మాత్రం ఆపకండి, రేపు ముహూర్తం వేళకి ఐదువందల విస్తళ్ళు లేవాలి, ఆనపకాయలు ఇంకా గుట్టగా అలాగే ఉన్నాయి. అమ్మాయ్ శ్యామలా, అంతలేసి ముక్కలైతే పులుసులో ఉడకవమ్మా, సగం చెయ్యి. ఆ, ఏం చెబుతున్నాను? రేపటి పెళ్ళివాళ్ళు ఆ స్విట్జర్లాండే వెడతారట, అక్కడ ఏమేం చూడాలి చయనులు బాబాయ్ అని ఈ శ్యామల పొద్దుట్నించీ నా ప్రాణం తీస్తోంది. చెబుతాను. యాత్రా కంపెనీ బస్సులో వంటవాడిగా ఎనిమిది వేసవులు ఆ దేశం తిరిగినవాణ్ణి, ఈ ఊళ్ళో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

ముందు పళ్ళచక్రం రైలు ఎక్కమనండి. పట్టాల మధ్య రంపానికున్నట్టు పళ్ళుంటాయి, వాటిని పట్టుకుని రైలు ఉడుతలాగా కొండెక్కేస్తుంది, పైకెళ్ళి కిందకి చూస్తే ఒక నది నదంతా గడ్డకట్టి పడుకుని ఉంటుంది, చూసేసరికి చెయ్యి దానంతటదే దణ్ణం పెడుతుంది. పొద్దున్నే వెళ్ళాలి సుమా, పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. తర్వాత పచ్చటి సరస్సు. కొండంతా అందులో తలకిందులుగా కనపడుతుంది, ఏది పైనుందో ఏది కిందుందో తెలీదు. ఆ తర్వాత కొండ కడుపులోంచి దూకే జలపాతం, అక్కడ నేను గంగా గంగా అనుకుంటూ నెత్తిన నీళ్ళు జల్లుకున్నాను, అన్నీ ఆ తల్లి నీళ్ళే కదా, ఏం? మనవాళ్ళు మాత్రం ఎంత గొప్పచోటికి తీసుకెళ్ళినా ఫొటోలకి మూడు నిమిషాలు, ఇవాళ సాంబారా చారా అని అడగడానికి అరగంట.

ఇక ఈ బల్ల సంగతి. తీగ మీద నడిచే డబ్బాలో, అదే కేబుల్ కారులో, పైకి వెళ్ళాలి, అక్కణ్ణించి నాలుగు అంగలేస్తే ఆ కొమ్ము. నిజం చెప్పాలంటే ఆ దేశం మొత్తంలో అంత చూపు ఇంకెక్కడా లేదు. ఏడు శిఖరాలు వరసగా, పంక్తిలో కూర్చున్న పెద్దమనుషుల్లాగా, ఒకదాని పక్కన ఒకటి. మా టూరు మేనేజరు ఫణీంద్ర అది చూసి, మధ్యాహ్నం భోజనాలు ఇక్కడే బాబాయ్ అన్నాడు. మా బస్సు డ్రైవరు రూడీ అని ఆ ఊరివాడే, తెల్లమీసాలాయన, నాతోపాటు వేడిడబ్బాలు మోసుకొచ్చాడు. బల్ల చూపించి వద్దు వద్దు అని చేతులూపాడు. బల్ల కాలు విరిగిందేమో అనుకుని నేను ఊపి చూశాను. గట్టిగానే ఉంది.

ఆవేళ మా నాన్నగారి తిథి. పరాయిదేశంలో తద్దినం పెట్టే వీలెక్కడిది, ఇంటికెళ్ళాక పెట్టుకోవచ్చన్నారు మా పురోహితులు. అయినా మనసు ఒప్పక, ముందు ఆయన పేరు చెప్పి ఓ ముద్ద కాకికి పెట్టి అప్పుడు వడ్డిద్దామనుకున్నాను. అక్కడా కాకులున్నాయి, పచ్చముక్కు, ఎర్రకాళ్ళు. నూనె బొట్టు లేని వేడన్నం ముద్ద చేసి బల్ల కొసని పెట్టాను. ఇంతలో వెనకనించి ఒకటే కేకలు, చయనులు గారూ ఆవకాయ ఏదండీ, చయనులు గారూ అప్పడాలు అయిపోయాయా అని. ఆ గాభరాలో గోత్రం చెప్పలేదు, పేరు చెప్పలేదు. రా నాయనా, వచ్చి తిను, అని ఊరుకున్నాను. ఎవర్ని రమ్మన్నట్టు? పేరూ గోత్రం లేని పిలుపు, కార్డు మీద అడ్రసు రాయకుండా పోస్టు డబ్బాలో వేసినట్టే కదా!

కాకులు వచ్చాయి. గాల్లో తిరిగాయి గానీ ఒక్కటీ బల్ల మీద వాలలేదు.

మా బస్సులో వర్ధనమ్మ గారని ఒకావిడ ఉండేది. భర్త పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం అయ్యాక ఒక్కతే బయల్దేరింది, ఆయనకి మంచు చూడాలని ఉండేదట. అందరూ గడ్డిలో చతికిలబడ్డారు, ఆవిడకి మోకాళ్ళు వంగవు, పళ్ళెం పట్టుకెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంది. ఆవిడ అటుకొసన, నా ముద్ద ఇటుకొసన, నడుమ ఖాళీ. ఎండ కాస్తోంది, మిట్టమధ్యాహ్నం, దెయ్యం మాట ఎవరికి తడుతుంది చెప్పండి?

భోజనాలయ్యాయి. అప్పుడు గాలి తిరిగింది. తీగ డబ్బా నడిపేవాడు ఈల వేసి, ఇదే ఆఖరిది, దీని తర్వాత గాలి తగ్గేదాకా ఆపేస్తాం, అన్నాడట. అందరూ పరిగెత్తారు. వర్ధనమ్మ గారు మాత్రం కదల్లేదు. ఫణీంద్ర వెళ్ళి, అత్తయ్యగారూ లేవండి, మబ్బొస్తోంది అంటే, ఒక్క నిమిషం నాయనా అంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ ఒక్క నిమిషం. వాడు చెయ్యి పట్టుకు లాగాడు. బక్కపల్చటి మనిషి, రుబ్బురోలు లాగినట్టుందని వాడే చెప్పాడు నాకు. నేను వెళ్ళి చూద్దును గదా, ఆవిడ పెదాలు నీలంగా తిరిగిపోతున్నాయి, మొహంలో మాత్రం ఏ కంగారూ లేదు.

"ఏవిటమ్మా ఇది?" అన్నాను.

"ఉండండి చయనులు గారూ, ఆయన తింటున్నారు. మధ్యలో ఎలా లేస్తాను? ఆయనెప్పుడూ ఇంతే, నిదానం."

ముద్దకేసి చూశాను. గంట కిందట పెట్టిన ముద్ద, ఆ చలిలో, ఇంకా పొగలు కక్కుతోంది. గాలి ఇటునించి అటు కొడుతుంటే ఆ ఆవిరి గాలికి ఎదురుగా, బల్ల నడుమ ఖాళీకేసి వంగి పోతోంది.

రూడీ దూరంగా టోపీ తీసి నిలబడ్డాడు. ఏమిటయ్యా ఈ బల్ల కథ అని ఫణీంద్ర గద్దించి అడిగితే అప్పుడు చెప్పాడు. వాళ్ళ ముత్తాతల నాటి సంగతి, ఒక పశువులకాపరి అక్కడ ఆవుల్ని మేపేవాడట, రోజూ మధ్యాహ్నానికి కిందనించి వాళ్ళావిడ అన్నం తెచ్చేదట. ఓ రోజు దారిలో మంచుచరియ విరిగి ఆవిడ మీద పడింది. వీడికి తెలీదు. దిగిరారా అని కిందనించి జనం ఎంత అరిచినా, అన్నం వచ్చాక తిని దిగుతానని అక్కడే కూర్చుని ఉండిపోయాడు. మూడోనాడు వెళ్ళి చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. అప్పట్నించీ అక్కడ కూర్చున్నవాళ్ళకి లేవబుద్ధి కాదు, చూపు బాగుంది, ఇంకొక్క నిమిషం, అనుకుంటూనే చలికి అయిపోయినవాళ్ళు ఇద్దరున్నారట.

నలభై ఏళ్ళు వడ్డించినవాణ్ణి, నాకు అక్కడ తట్టింది. ఇది పంక్తి! పంక్తిలో కూర్చున్నాక పక్కవాడు తినడం అవకుండా ఎవరైనా లేస్తారా? మన ఇళ్ళల్లో పసిపిల్లవాడు కూడా లేవడు. ఈ కాపరి విస్తట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ ఏమీ వడ్డించలేదు, అందుకే ఆ పంక్తి లేవడం లేదు. ఇవాళ నేనే పిలిచి, ఒక్క ముద్ద పడేసి, నా మానాన నేను పోయాను. పిలిచినవాడే వడ్డించాలి కదా!

ఫణీంద్రా, వాడి పేరు అడగరా అన్నాను. రూడీ చెప్పనన్నాడు, ఆ పేరు ఎవరూ పలకరట. వర్ధనమ్మ గారి పెదాలు చూపించాను. అప్పుడు కళ్ళు మూసుకుని గొణిగాడు, ఆంటోన్ అని.

గోత్రం? తెలియనివాళ్ళందరికీ కాశ్యపగోత్రమే, శాస్త్రం ఆ వెసులుబాటు ఇచ్చింది. నవ్వకండర్రా, అక్కడ నేను నవ్వలేదు. నాన్నగారికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను, కాగితం పళ్ళెం తీసుకుని బల్ల నడుమ పెట్టాను, కాశ్యపగోత్రుడవైన ఆంటోన్ నాయనా, కడుపారా తిను, అని డబ్బాల అడుగున ఉన్నదంతా ఊడ్చి వడ్డించాను. పప్పు, ఆ తర్వాత పులిహోర, ఆ తర్వాత చారన్నం. తీగ డబ్బావాడు మళ్ళీ ఈల వేశాడు. వేసుకోనీ అనుకున్నాను, వడ్డనలో తొందర పనికిరాదు, తొందరపడే కదా ఇంత తెచ్చుకున్నాను. మజ్జిగ గ్లాసులో సగానికే వచ్చింది. అదీ పోసి, చేతులు జోడించి, తృప్తేనా నాయనా, అని అడిగాను.

వంగిన ఆవిరి మెల్లిగా నిటారుగా లేచింది. కాసేపు అలా నిలబడింది. తర్వాత లేదు. ముద్ద తాకి చూస్తే రాయిలా చల్లగా ఉంది.

వర్ధనమ్మ గారు కొంగు దులుపుకుని తనంతట తనే లేచింది. పదండి, వాళ్ళు వెళ్ళిపోతారేమో, అని మమ్మల్నే తొందరపెట్టింది! మేం ఎక్కగానే తలుపు వేసేశారు, డబ్బా ఉయ్యాల ఊగినట్టు ఊగుతూ దిగింది. సగం దిగాక ఆవిడ నా వైపు తిరిగి, "చయనులు గారూ, ఆయన నెయ్యి అడగలేదేమండీ?" అంది.

నేను ఖాళీ డబ్బాలకి మూతలు బిగించుకుంటున్నాను.

"మావారు నెయ్యి లేనిదే పప్పు ముట్టరు," అంది, కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తనే, "ఎవరో గానీ, మంచి ఆకలి మీదున్నాడు పాపం," అంది.

ఇక వాడికి తృప్తి అయిపోయింది, భయం లేదు కదా బాబాయ్, అంటారు మీరు. ఎందుకుండదూ? ఇవాళ కడుపునిండా తిన్నామని రేపు మనం మానేస్తున్నామా? మరుసటేడు రూడీ చెప్పాడు, ఎవరో కొత్తదంపతులు అక్కడ కూర్చుంటే తాళ్ళు కట్టి లాగాల్సి వచ్చిందట, ఆ పెళ్ళికొడుక్కి చలికి రెండు వేళ్ళు పోయాయట.

కాబట్టి అన్నీ చూడండి, నది చూడండి, సరస్సు చూడండి, జలపాతం కింద తడవండి. ఆ బల్ల దగ్గరికి మాత్రం వెళ్ళకండి. వెళ్ళి కూర్చున్నారో, మజ్జిగదాకా వడ్డించి మిమ్మల్ని లేపడానికి అక్కడ ఎవరూ లేరు. నేను టూర్లు మానేసి నాలుగేళ్ళయింది.